జీడిమామిడి తోటలో ముందు మొదలు చూడండి

(ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్‌సి. వ్యవసాయము)



పుష్యమాసములో ఏ జీడిమామిడి తోటకు పోయినను రైతు తల పైకెత్తి నడచుచుండుట చూతుము. పూత ఎట్లున్నది, చిగురు మాడినదా, మంచు దెబ్బ తగిలినదా, పక్కవారి తోట కంటె మన తోట వెనుకబడినదా అని అతని చూపంతయు కొమ్మల చివరలనే ఉండును. వెంట వచ్చిన అధికారి చూపు కూడ అక్కడనే ఉండును. నేనును కొన్ని సంవత్సరములు అట్లే తల పైకెత్తి తోటలన్నియు తిరిగితిని. ఆ అలవాటు మనకు నష్టము తెచ్చుచున్నదనియు, జీడిమామిడిని కాపాడదలచినవాడు ముందుగా దాని మొదలు చూడవలెననియు నా అభిప్రాయము. ఇది పుస్తకమువలన కలిగిన అభిప్రాయము కాదు. పుస్తకములో ఈ సంగతి ఉన్నది; కళాశాలలో చదివితిని, పరీక్షలో వ్రాసితిని కూడ. అయినను తోటలో నిలబడినప్పుడు గుర్తుకు రాలేదు. అది ఎట్లు జరిగినదో ముందు చెప్పెదను.

ఉద్యోగములో చేరిన రెండవ సంవత్సరమున ఉద్దానము ప్రాంతములోని ఒక గ్రామమునకు పోయితిని. ఒక ముసలి రైతు తన తోట చూచిపొమ్మని పిలిచెను. 40 చెట్ల తోట. అంతయు ఆయన తండ్రి నాడు పిక్క పాతి పెంచినది. పూత నిండుగ నున్నది. ఆయన నన్నొక చెట్టు దగ్గరకు తీసికొనిపోయి, "బాబూ, ఈ మొదట్ల పొట్టు రాల్తన్నాది, ఏటో సూడండి" అనెను. నేను వంగలేదు. నిలబడిన చోటనుండియే చూచి, "చెదలు తాతా, భయము లేదు" అని, చెదలకు చల్లవలసిన పొడి పేరు చెప్పి, పూత మీద కొట్టవలసిన మందును మాత్రము శ్రద్ధగ చీటీపై వ్రాసి ఇచ్చితిని. ఆయన ఆ రెండు పనులును చేసెను. ఆ సంవత్సరము కాపు బాగుగనే వచ్చినది. కావున నేను చెప్పినది సరియేనని ఇద్దరమును అనుకొంటిమి.

మరుసటి సంవత్సరము వానలు వెళ్లిన తరువాత ఆ చెట్టు ఒకవైపు ఆకు పండుబారినది. వేసవి వచ్చునప్పటికి మోడైనది. తరువాత దాని పక్కవి రెండు, ఆ వెనుక మరి నాలుగు. మొత్తము 7 చెట్లు పోయిన పిమ్మట ఆయన కబురు పంపెను. నేను పోవునప్పటికి ఒక చెట్టును పడగొట్టి, మొదలును నిలువున చీల్చి ఉంచెను. లోపల వ్రేలెడు పొడవున తెల్లని పురుగులు, వంకరటింకర సొరంగములలో, పొట్టు నడుమ పడియున్నవి. ఆయన నన్నొక మాట తిట్టలేదు. ఒక పురుగును పుల్లతో బయటకు తీసి నా ముందు పెట్టి, "సెదలు ఇంత లావుంటాదేటి బాబూ?" అని మాత్రము అడిగెను.

దానికి నా దగ్గర జవాబు లేకపోయినది. ఆ నాడు నేను మోకాళ్ల మీద కూర్చుండి ఆ పొట్టును చేతితో తీసి చూచియుండినచో, చెదల మట్టికిని, రంపపు పొట్టువంటి దానికిని గల భేదము ఒక నిమిషములో తెలిసియుండెడిది. చెదలు మన్నుతో గూడు కట్టును. ఇది పిప్పిని బయటకు త్రోయును. మొదటిది చెట్టుపైన పాకును, రెండవది చెట్టులోపల నివసించును.

అది జీడిమామిడి కాండమును, వేరును తొలుచు పురుగు. దీని తల్లి ఎర్రని గోధుమరంగు గల పెంకుపురుగు. మీసములు చాల పొడవుగ నుండును. చలికాలపు చివరనుండి వేసవివరకు ఇది నేలనుండి మీటరు ఎత్తులోపల మాను బెరడు పగుళ్లలోను, నేలపైకి తేలిన వేళ్లమీదను, బియ్యపుగింజవంటి గుడ్లను దూర్చి పెట్టును. ఇంచుమించు వారము రోజులలో గుడ్డు పగిలి పిల్లపురుగు బెరడులోనికి పోవును. లోనికి పోయిన పురుగు సూటిగ మాను నడుమకు పోదు. అట్లు పోయిన మనకు ఇంత నష్టము లేకుండెడిది. అది బెరడుకును చేవకును నడుమనున్న పొరను తినును. ఆకులలో తయారైన ఆహారము క్రిందికి దిగుటకును, వేళ్లు పీల్చిన నీరు పైకి ఎక్కుటకును దారి అక్కడనే కలదు. ఆరేడు నెలలు అటునిటు తిరుగుచు ఆ దారులను తెంచి, తుదకు చేవలోనికో వేరులోనికో దిగి, సున్నపు పెంకువంటి గూడు కట్టుకొని, మరుసటి ఏడు పెంకుపురుగై బయటకు వచ్చును. ఏడాదికి ఒక్క తరమే. కాని ఒక మొదట నాలుగు పురుగులున్న చాలును, ఆ చెట్టు చుట్టును దారులు తెగిపోవును.

ఇక్కడ రైతును మోసగించునది చెట్టు స్వభావమే. జీడిమామిడి ఏడాది పొడవున పచ్చగ నుండు చెట్టు. ఆకంతయు రాల్చుకొని బోడియై మరల చిగిర్చు చెట్లయందైనచో, చిగురు ఆలస్యమైనపుడు రైతుకు అనుమానము కలుగును. దీనియందు అట్టి సూచన లేదు. మొదట పురుగు సగము పని ముగించునప్పటికిని తల పచ్చగనే ఉండును, పూత కూడ రావచ్చును. ఆకు పసుపుబారి రాలుటయు, రెమ్మలు ఎండుటయు కనిపించునప్పటికి వైద్యము చేయు సమయము దాటిపోయి యుండును. "సెట్టు పచ్చగున్నాది గదా" అనుమాట నేను ఎన్ని తోటలలో వింటినో లెక్కలేదు. పచ్చగ నుండుట జీడిచెట్టు విషయమున ఆరోగ్యమునకు సాక్ష్యము కాదు.

పూత సంగతియు అంతే. పూగుత్తిలో వందలకొలది పూలుండవచ్చును. అందు హెచ్చుపాలు మగపూలే. గుత్తికి నాలుగైదు పిక్కలు నిలిచిన సంతోషింపవలసినదే. మనము పండు అని తినునది కూడ నిజమునకు ఉబ్బిన పూకాడ. అసలు కాయ దాని క్రింద వ్రేలాడు పిక్క. ఇట్లు తలభాగమున కనిపించునది చాలమట్టుకు వేషమే యని నేను హాస్యమునకు అనుచుందును. రైతులు నవ్వుదురు గాని, మరునిమిషములో మరల తల పైకెత్తుదురు.

ఈ నిర్లక్ష్యమునకు చరిత్ర కూడ కొంత కారణము. జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిలు దేశపు ఈశాన్య భాగము. 16వ శతాబ్దములో పోర్చుగీసువారు మన దేశపు పడమటి తీరమునకు తెచ్చిరి. మొదటి దినములలో దీనిని నేల కోతపడకుండ ఆపుటకు నాటిరి. పప్పు వ్యాపారము తరువాత వచ్చినది. ఇసుకను కాయుటకు వచ్చిన చెట్టు గనుక దీనికి సేద్యమెందుకు, పారేసిన పిక్కయే మొలచును గదా అను భావము మన తీరమున స్థిరపడినది. మామిడికి, కొబ్బరికి పాదు చేయు రైతు జీడిచెట్టు క్రింద తుప్పలు కూడ కొట్టడు. పిక్కలు ఏరు ముందు మాత్రము నేల చదును చేయును. నేడు బాపట్ల పరిశోధనా స్థానమువారు ఇచ్చిన బి.పి.పి.-8 వంటి మంచి రకముల అంట్లు నాటుచున్నాము. అంటుకు ధర పెట్టి కొని, గొయ్యి తీసి, ఎరువు వేసి, మూడేండ్లు నీరు పోసి పెంచిన తరువాత, పాత పిక్క చెట్టును చూచినట్లే దానిని చూచుట ఏమి న్యాయము? రకము మంచిదైనంత మాత్రమున ఈ పురుగు దానిని విడువదు.

ఒక చెట్టు పోయినచో పోయినదేమో లెక్క వేసి చూడండి. ఏటా 8 కిలోల పిక్కలిచ్చు చెట్టు, ఇంకను 25 సంవత్సరములు కాయవలసినది పోయినచో, 200 కిలోలు పోయినట్లు. మన ప్రాంతపు 80 కిలోల బస్తాతో కొలిచిన రెండున్నర బస్తాలు. టీదోమ వలన పూత మాడిన సంవత్సరమున ఆ యేటి కాపు పోవును. మరుసటి యేడు చెట్టు మరల పూయును. మొదలు తొలిచిన చెట్టుకు మరుసటి యేడు లేదు. అయినను మన ఖర్చంతయు మొదటి దానిపైననే. అంటు నాటి కాపునకు తెచ్చి, పిదప మొదలు చూడక చంపుకొనుట, కుండ నిండ నీరు మోసి తెచ్చి అడుగు చిల్లు చూడకపోవుటవంటిది. పలాసలో పప్పు తీయు కర్మాగారములకు మన పిక్క చాలక ఆఫ్రికా దేశముల పిక్క ఓడలలో దిగుచున్నది. ఆ పిక్క వచ్చి మా ధర పడగొట్టుచున్నదని రైతులు చెప్పుట నిజమే. ఆ మాటతోపాటు మన తోటలో ఎన్ని గుంటలు చెట్టులేక ఖాళీగ నున్నవో కూడ లెక్కించవలెను.

ఇక చేయవలసిన పని. ఇది కష్టమైనది కాదు, వంగవలసినది మాత్రమే. 8 మీటర్ల ఎడముతో నాటిన ఎకరమున 60 చెట్లు పైచిలుకు ఉండును. చెట్టుకు రెండు నిమిషములు చొప్పున రెండు గంటల పని, నెలకొకసారి. మొదట చుట్టును ఎండుటాకు, తుప్పలు తొలగించి నేల కనిపించునట్లు చేయవలెను. నేలకు వాలిన కొమ్మలు మొదలును కప్పివేయును గనుక, లేతవయసులోనే మీటరు ఎత్తువరకు ప్రక్క కొమ్మలు తీసివేసిన చెట్టు చూచుటకు సులభము. తరువాత మాను చుట్టును ఒకసారి తిరిగి మూడు వస్తువులకై వెదకవలెను. బెరడునుండి కారి గట్టిపడిన బంక, చిన్న రంధ్రములు, రంధ్రముల క్రింద రాలిన పిప్పి. నేలపైకి తేలిన వేళ్లను మరువరాదు. అక్కడ పెట్టిన గుడ్డును ఎవ్వరును చూడరు. పిప్పి తాజాగ, తడిగ, లేతరంగున నున్నచో పురుగు లోపల ఉన్నది. నల్లబడి ఎండినచో పాత గాయము కావచ్చును. అయినను గోటితో గీరి చూడవలెను.

కనిపించిన చోట ఉలితో బెరడును మెల్లగ లేపి, సొరంగము పోయిన దారివెంటనే పోవలెను. ఇక్కడ తొందరపడువారు హెచ్చు. గొడ్డలితో నాలుగు వేటులు వేసి పురుగును చంపితిమని సంతోషించి, పురుగు తిననిదంతయు తామే తెంచిన తోటలు చూచితిని. పురుగు తిన్న బెరడు మెత్తగ, నల్లగ నుండును. దానిని మాత్రమే తీయవలెను. తెల్లగ, తడిగ నున్న బెరడు జోలికి పోరాదు. సొరంగము లోతుగ పోయినచో, కొన వంచిన సైకిలు చువ్వను దూర్చి పురుగును లాగవచ్చును. ఒక పురుగు దొరికినదని లేచిపోరాదు. రెండవది ఉన్నదేమో చూడవలెను. గాయము శుభ్రపరచిన పిమ్మట ఆ మొదటికిని, మీటరు ఎత్తువరకు మానుకును, పైకి తేలిన వేళ్లకును పూత పూయవలెను. కోలుతారు ఒక పాలు, కిరోసిను రెండు పాళ్లు కలిపి పూయుట పాత పద్ధతి. కిరోసిను నేడు సులభముగ దొరకదు గావున, లీటరు నీటికి 50 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి పూసినను మేలే. అది తారువలె నిలువదు గనుక ఏడాదిలో రెండు మూడు మారులు పూయవలెను. పూసిన పిమ్మట వేళ్లమీద మన్ను కప్పుట మరువరాదు. రోడ్డు పనివారి దగ్గర మిగిలిన తారు తెచ్చి పూసిన రైతొకరు కలరు. అది వేరు వస్తువు, దానిని పూయరాదు.

కొందరు పాత రైతులు బి.హెచ్.సి. పొడి, కార్బరిల్ పొడి పేర్లు ఇంకను చెప్పుచుందురు. వెనుకటి పుస్తకములలో అవి ఉన్నమాట నిజము. బి.హెచ్.సి.ని 1997లోను, కార్బరిల్‌ను 2018లోను మన దేశమున నిషేధించిరి. ఇంటి మూలలో డబ్బా మిగిలియున్నను వాడరాదు. మందు పూయదలచినవారు నేడు అనుమతి గల దానిని తెలిసికొని, మీ దగ్గరి అధికారి చెప్పిన మోతాదున పూయండి. వేళ్లతోనే పూయువారిని చూచితిని. చేతికి తొడుగు వేసికొనవలెను.

బెరడు చుట్టుకొలతలో సగమునకు మించి తినివేయబడిన చెట్టు, తల పసుపుబారిన చెట్టు ఇక తేరుకొనదు. దానిని కొట్టివేయవలెను. ఈ మాట చెప్పునప్పుడు నాకు రైతుతో వచ్చినంత తగవు మరే మాటతోను రాదు. "ఈ యేటి కాపు సూసి కొడతాం బాబూ" అందురు. ఒక యేటి నాలుగు కిలోల పిక్కలకై ఆ చెట్టును నిలిపినచో, అందులోని పురుగులు పెంకుపురుగులై చుట్టునున్న చెట్లను చేరును. పై తోటలో ఒక చెట్టునుండి ఏడు చెట్లు పోవుటకు కారణమదియే. దానిని పడగొట్టి ఇంటి వెనుక కట్టెలుగ పేర్చుట కూడ కొట్టనట్లే లెక్క. గూటిలో నిద్రించు పురుగు కట్టెలోనుండియే బయటకు వచ్చును. మొదలును, పెద్ద వేళ్లను త్రవ్వి తీసి, చీల్చి, దొరికిన పురుగులను చంపి, ఆ భాగమును ముందుగా పొయ్యిలోనికి పంపవలెను. పై కొమ్మలు ఎప్పుడు కాల్చినను చింత లేదు.

మీరు కొట్టి, పక్కవారు కొట్టకపోయిన ఏమగునని అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. పెంకుపురుగుకు గట్టు తెలియదు. పట్టణమున నివసించుచు తోట మొగము చూడని యజమానుల మోడు చెట్లు ఊరందరకు పురుగును పంచుచున్నవి. దీనికి నేను ఒంటరి రైతుకు చెప్పగల ఉపాయము లేదు. ఊరు కూర్చుండి చేయవలసిన పని. కాలువ పూడిక తీయుటకు ఊరంతయు కదలుట మనకు క్రొత్త గాదు. మోడు చెట్లను అట్లే ఒక వారము పెట్టుకొని తీయవచ్చును. కట్టెల కొరకే పని చేయుటకు వచ్చు కూలివారు కూడ ఉందురు. వారికి మొదలు వదలిపోరాదను షరతు పెట్టిన చాలును.

కౌలు సంగతి కూడ చెప్పక తప్పదు. మన ప్రాంతమున పూత మీదనే కాపును ఒకరికి అమ్ముట, లేక ఆ యేటికి తోటను అప్పగించుట చాల చోట్ల కలదు. కొన్నవాడు పూత కాపాడుకొనును, మందు మీద మందు కొట్టును. నాలుగు నెలలలో పిక్కలు ఏరుకొని వెళ్లును. మొదట పురుగు ఉన్నను లేకున్నను అతనికి చింత లేదు. యజమాని కూడ తోటను అప్పగించితిని గదా అని అటు పోడు. చెట్టుకు ఆ యేడు యజమాని లేడు. వంగి చూచుట ఎవరి పని అన్నది ఒప్పందములోనే ఒక మాటగ చెప్పుకొనుడని నా సలహా; కాపు ధరలో వంద రూపాయలు తగ్గినను తగ్గనిండు.

ఇట్లు వ్రాసితినని, పూత మీద మందే వద్దని నేను చెప్పినట్లు అనుకొనవద్దు. టీదోమ హెచ్చిన యేడు చిగురు, పూత నల్లబారి మాడిపోవుట మనకందరకు తెలిసినదే. చిగురు వచ్చునపుడు, పూత వచ్చునపుడు, పిందె పడునపుడు చూచి, బెడద ఉన్నచో తగిన మందు తగిన మోతాదున కొట్టవలసినదే. కాని బెడద ఉన్నదా యని చూడకయే, పక్కవాడు పంపు తీసెను గనుక నేనును తీసెదనను పద్ధతి వేరు. పూత తెరచిన వేళ తేనెటీగలు, ఇతర ఈగలు వచ్చి పుప్పొడి మోయుచుండును. ఆ వేళ కొట్టిన మందు వానిని కూడ చంపును. ఆకులు కుట్టి గూడు కట్టు ఎర్రచీమలు టీదోమను తినునని పరిశోధకులు చెప్పుదురు. పిక్కలు ఏరువారిని అవి కుట్టును గావున వారికి వానిపై ప్రేమ ఉండదు. అది వేరు తగవు.

పైనుండి కొట్టుట అను పద్ధతి హద్దు మీరినచో ఏమగునో కేరళలోని కాసరగోడు జిల్లాలో చూచితిమి. అక్కడి ప్రభుత్వపు జీడితోటలపైన టీదోమ కొరకు 1970వ దశకపు చివరినుండి 2000 సంవత్సరమువరకు ఆకాశమునుండి ఎండోసల్ఫాన్ చల్లిరి. తోటల నడుమ ఊళ్లున్నవి, బావులున్నవి, వాగులున్నవి. ఆ ఊళ్లలో అంగవైకల్యముతో పుట్టిన బిడ్డలను, తీరని జబ్బుల పాలైన కుటుంబములను దేశమంతయు చూచినది. 2011లో సుప్రీము కోర్టు ఆ మందు తయారీని, అమ్మకమును, వాడకమును దేశమంతట నిలిపివేసినది. ఆ తోటలలో మందు చల్లించినవారును నావలె చదువుకొన్నవారే. ఆ సంగతి తలచుకొన్నప్పుడెల్ల చీటీపై మందు పేరు వ్రాయు ముందు నా చేయి ఒక క్షణము ఆగుచున్నది.

ఈ విషయమున మా అధికారుల తప్పు కూడ ఒప్పుకొనవలెను. మందు పంచుట, పంపు పంచుట లెక్కకు వచ్చు పనులు. ఇన్ని లీటర్లు, ఇన్ని ఎకరములు అని నివేదికలో నిండును. ఇన్ని చెట్ల మొదళ్లు వంగి చూచితిమి అని వ్రాయుటకు అందులో గడి లేదు. గడి లేని పని ఎంత మంచిదైనను వెనుకబడును. చచ్చిన చెట్టును తీసి, గుంట పూడ్చి, క్రొత్త అంటు నాటువానికి సహాయము కలదు. కాని చచ్చు చెట్టును సకాలమున తీయించుటకు కూలి ఇచ్చినచో ఆ అంటు ఖర్చులో కొంత మిగులునని నా నమ్మకము. జీడిమామిడి ఉద్యానశాఖవారి పంట, వ్యవసాయాధికారికి ఈ గోల యెందుకని ఒక మిత్రుడు హాస్యమాడెను. ఈ పురుగు శాఖల జోలికి పోదు, మొదలునే పట్టును అని నేను బదులు చెప్పితిని.

ఇప్పుడే ఈ సంగతి వ్రాయుటకు ఒక కారణము కలదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు కూలిన తీరు చూచినవారు మరువలేరు. తాతల నాటి చెట్లు వేళ్లతో సహా పడినవి. తరువాత చాలమంది అంట్లు తెచ్చి నాటిరి. ఆ అంట్లు నేడు మంచి కాపునకు వచ్చుచున్నవి; మాను లావెక్కి బెరడు పగులు పట్టు వయసు కూడ ఇదియే. చెట్టు ముదిరిన కొలది ఈ పురుగు బెడద హెచ్చును. అంతేగాక నాడు సగము ఒరిగి నిలిచిన పాత చెట్లు, కొమ్మ విరిగి గాయము మానని చెట్లు ఆ లేత తోటల ప్రక్కనే నిలిచియున్నవి. వానినుండి వీనికి పురుగు నడచుటకు గట్టు దాటు దూరమే. తుపానును ఎవ్వరును ఆపలేరు, ఆ కోపము ఎవరిపైనను చూపలేము. ఆ తరువాత నాటిన చెట్టును పురుగుకు విడిచిపెట్టుట మాత్రము మన చేతిలోని పని.

పై ముసలి రైతు తోటలో నేడు 33 చెట్లు పాతవి, ఖాళీ గుంటలలో నాటిన అంట్లు 7 ఉన్నవి. ఆయనకు నడుము వంగుట కష్టమైనందున మనుమరాలు మొదళ్లు చూచును. ఉలి పట్టిన చెట్టుకు ఆమె సున్నముతో ఒక గీత పెట్టును. నెల తరువాత మరల చూచి, పిప్పి రానిచో రెండవ గీత పెట్టును. నేను పోయిన నెల పోయినప్పుడు మూడు చెట్లకు ఒక గీత, రెండింటికి రెండు గీతలు ఉన్నవి. రెండు గీతల చెట్టు ఒకదానికి గాయము అంచున క్రొత్త బెరడు కమ్ముచున్నది. ముసలాయన గట్టుపై కూర్చుండి, "ఈ పాలి వొంగి సూడండి బాబూ" అనెను. ప్యాంటుకు మట్టి అంటినను సరే యని కూర్చుండి చూచితిని.